ఫోరస్ రోడ్డు మీద మా నడక

ముంబయి మహానగరంలో తెలుగు మాట వినిపించే పాత వీధులలో ఫోరస్ రోడ్డు ఒకటి. పోర్చుగీసు భాషలో "ఫోరో" అనగా భూమికి కట్టే శిస్తు. ఉప్పునీరు నిలిచే పల్లపు నేలలను పూడ్చి బాగుచేసుకున్నవారికి స్వల్ప శిస్తు మీద యిచ్చిన భూములకు ఆ పేరు వచ్చింది. వాటి మీదుగా వేసిన బాటకూ అదే నిలిచింది. సర్కారు వారి పేరు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్. ఆ పక్కనే కామాఠీపురం. మన్ను మోసి, రాయి పేర్చి యీ నగరాన్ని నిలబెట్టిన మన తెలంగాణ కామాఠీల పేరు మీద వెలసిన పేట అది. యిక్కడి మనవారికి పని చేయడం కష్టం కాదు. జబ్బు నుంచి లేచాక వూరకుండడమే కష్టం.

2021 ఏప్రిల్‌లో, కోవిడ్ రెండవసారి విజృంభించినప్పుడు, మేమూ దాని వాత పడ్డాము. మన పేటకు దగ్గరలోని నాయర్ ఆసుపత్రిని అంతకు ముందు సంవత్సరమే కోవిడ్ రోగులకు కేటాయించారు. జబ్బు తీవ్రత మా వీధిలో అందరికీ తెలిసినదే. మేము 11 రోజులు ప్రాణవాయువు మీద వుండి యింటికి వచ్చాము. మా చాల్‌లో రెండవ అంతస్తుకు 38 మెట్లు. ఆనాడు నాలుగుచోట్ల కూర్చుని ఎక్కాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కరపత్రంలో, యిట్టివారు తిరిగి శ్రమకు అలవాటు పడటానికి 5 దశలు చెప్పారు. ప్రతి దశలోనూ కనీసం 7 రోజులు వుండాలి. కష్టమనిపిస్తే వెనుకటి దశకు దిగాలి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం వుంటే వెంటనే ఆగి వైద్యుని చూడాలి. మాకు తోటలేదు, మైదానం లేదు. గ్యాలరీయే వ్యాయామశాల అయింది. మొదటి వారం గ్యాలరీలో యీ చివర నుంచి కుళాయి దాకా, రెండుపూటలా. తర్వాత ఒక అంతస్తు దిగి ఎక్కడం. ఆ పైన గల్లీ మొగ దాకా. చేతిబండ్లు కదలకముందే, తెల్లవారుజామున ఫోరస్ రోడ్డు మీద నడిచేవాళ్ళము. నడుస్తూ మాట్లాడగలిగితే సరే. మాట తెగితే నిలబడి టీ దుకాణం బల్ల మీద కూర్చునేవాళ్ళము. ముంబయి సెంట్రల్ స్టేషను దాకా ఆగకుండా పోయి రావడానికి రెండున్నర నెలలు పట్టింది.

గుమాస్తా బుద్ధి కనుక జమాఖర్చుల పుస్తకం ఒకటి పెట్టాము. ఒక పక్క ఆనాటి నడక, రెండో పక్క మరునాటి వొళ్ళు. యీ జబ్బు తర్వాత కొందరికి అలసట శ్రమించిన నాడు కాక, మరునాడో మూడోనాడో విరుచుకుపడుతుంది. అది బద్ధకం కాదు. అట్టివారు పట్టుదలతో నడక పెంచితే మేలుకు బదులు కీడే జరుగుతుంది. వున్న శక్తిని పొదుపుగా వాడుకోవాలి.

మా పక్క చాల్‌లో మా యీడు హమాలీ ఒకాయన మూడవ వారమే బస్తాలు మోయబోయి, రెండు రోజులకే మళ్ళీ మంచం పట్టాడు. ఆయనను తప్పు పట్టలేము. మాకు నెల జీతం, సెలవులు వున్నవి. ఆయనకు ఆనాటి కూలి ఆనాటిదే. మాకింకొక భాగ్యం కూడా వుండేది. కింది గదిలోని పెద్దమ్మ, "బిడ్డా, నీళ్ళు మా మనుమడు తెస్తడు, నువ్వు బకీటు ముట్టకు" అని రోజూ కేక వేసేది. ఆ పిల్లవాడు మూడు నెలలు మా నీళ్ళు మోశాడు. మందులెన్ని వున్నా, ఆ నీళ్ళు రాకపోతే మా పుస్తకంలో లెక్క వేరుగా వుండేది.

కనుక సోదర సోదరీమణులకు మా మనవి. మీ చాల్‌లో ఎవరైనా పెద్ద జబ్బు నుంచి లేచి కూర్చుంటే, "యింకా పనికి పోవడం లేదా?" అని అడగవద్దు. వారి గడపలో ఒక బకీటు నీళ్ళు పెట్టండి. రోజుకూలి మీద బతికే యిల్లయితే పదిమందీ కలిసి ఒక నెల బియ్యం సంగతి కూడా చూడండి.