బోయిసీలో ఉన్న బావకు

బావా,

ఎల్క్ వేటకు ఎక్స్‌టర్నల్ ఫ్రేమ్ బ్యాగు ఏది కొనాలని అడిగావు. నన్నడిగితే సంచి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఫ్రేమ్ చూడు, అంతకంటే ముందు నడుము పట్టీ చూడు. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఊరికే కొండలెక్కేవాడికి తిండి అయిపోతున్నకొద్దీ బరువు తగ్గుతుంది. వేటగాడికి అసలు మోత వెనక్కొచ్చేటప్పుడే. ఎదిగిన మగ ఎల్క్ వెనక కాలు ఎముకతో సహా 50 పౌన్లకు తగ్గదు. అలాంటివి రెండు, ముందు కాళ్ళు రెండు, ఆపైన వీపు కండలు. బరువని కొండమీదే వదిలేస్తే ఇక్కడ కొలరాడోలో నేరం. అందుకే నా ఓటు బయటి ఫ్రేముకే. సంచి విప్పేసి, మాంసం మూటను నేరుగా ఫ్రేముకే కట్టేయొచ్చు. వీపుకీ మూటకీ మధ్య గాలి ఆడుతుంది, నెత్తుటి తడి చొక్కాకు అంటదు.

1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం గొట్టాలు వంచి ఫ్రేములు చేస్తే, ఆయన భార్య నీనా సంచులు కుట్టేది. భుజాల మీది బరువును తుంటి మీదికి దించడమే ఆ ఫ్రేముల గొప్ప. కావడి మోసినవాడి భుజం కాయ చూశావుగా, ఆ బాధ తప్పింది. ఇప్పటికీ కొనేటప్పుడు చూడాల్సింది అదే.

నీ ఎత్తు చూసి కొనకు. తల వంచితే మెడ కింద బొడిపెలా ఎముక తగులుతుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా టేపు పెట్టి కొలిపించుకో. పొడుగు మనుషుల్లోనూ వీపు పొట్టిగా ఉండేవాళ్ళున్నారు. కొట్లో 40 పౌన్లు వేయించుకుని నడిచి చూడు. నడుము పట్టీ బిగించాక భుజం పట్టీల కింద వేళ్ళు తేలిగ్గా దూరాలి.

చవగ్గా కావాలంటే అమెరికా సైన్యం వాడి వదిలేసిన పాత ఆలిస్ ఫ్రేమ్ తీసుకో. మొండి సరుకు. కాకపోతే దాని నడుము పట్టీ పేరుకే. దాన్ని పీకేసి, తర్వాత వచ్చిన మోలీ బ్యాగుల వెడల్పాటి మెత్త పట్టీ బిగిస్తారు చాలామంది. నువ్వూ అదే చెయ్యి. ఫ్రేముకు కింద మూట ఆనే అర లేకపోతే తప్పకుండా పెట్టించు. అది లేకుంటే నడుస్తున్నకొద్దీ మూట జారి, బరువంతా నడుం కిందికి వేలాడుతుంది. మూట పైకి, వీపుకి హత్తుకుని ఉండాలి.

గొట్టాలకు మాత్రం ఎక్కడపడితే అక్కడ కన్నాలు పొడవకు. అల్యూమినియం పగిలేది అక్కడే. అర బిగించడానికి క్లాంపులు వాడు. గొట్టాల చుట్టూ గుడ్డ టేపు చుట్టు. కొమ్మ తగిలినా టంగుమనదు, చలిలో చేతికి చురుక్కుమనదు. అతుకుల్లో కిచకిచ వినిపిస్తే పిన్నులూ రింగులూ మార్చెయ్. ఎల్క్ చెవులకు అది చాలు. రెండు పిన్నులు జేబులో ఉంచుకో.

ఇంకోటి, బ్యాగు తగిలించుకుంటే వీపు మీది ఆరెంజ్ జాకెట్ మిగతా వేటగాళ్ళకు కనబడదు. మూట మీద, కొమ్ములుంటే వాటి మీద కూడా ఆరెంజ్ గుడ్డ కట్టు. ఇక్కడ రైఫిల్ సీజన్లో ఒంటిమీద 500 చదరపు అంగుళాల ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలని చట్టం. మీ ఐడహోలో ఆ నిర్బంధం లేదని బద్ధకించకు.

చెల్లెమ్మ చేత వీపు కొలిపించి అంగుళాల్లో రాసి పంపు. ఆ కొలతకు సరిపడే ఫ్రేమ్ నేను చూస్తాను. అందాకా ఆన్‌లైన్‌లో ఏదీ కొనకు.

నీ
బావ