కుంట కవరు

స్విమ్మింగ్ పూల్ లోపల వినైల్ లైనర్ ఉంటుందని, దాన్ని కొన్నేళ్లకోసారి మార్చాలని నాకు యూట్యూబ్ చెప్పింది. జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పూల్ లేదు. మా మామ చేన్ల ఫారం పాండ్ ఉంది, అందులో నల్ల ప్లాస్టిక్ షీట్. ఊళ్లో అందరూ దాన్ని 'కవరు' అంటారు.

అది చెల్క నేల. నల్లరేగడిలో కుంట తవ్వితే నీళ్లు కొంతైనా నిలుస్తాయి, చెల్కలో పోసినవి పోసినట్టే ఇంకిపోతాయి. దేవాదుల నుంచి గోదావరి నీళ్లు జనగామ వైపు ఎత్తిపోస్తున్నారు గానీ మామ చేను కాలువకి దూరం. ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తుంది. ఆ కాసిన్ని నీళ్లు కుంటలో జమైతేనే కూరగాయల తోటకి తడి.

కుంట పైన 20 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు, గట్లు వాలుగా దిగి అడుగున 11 మీటర్లు. నిండితే దాదాపు 7.4 లక్షల లీటర్లు. పోయిన ఎండాకాలం అది గబగబా తగ్గడం మొదలైంది. మామ అడిగాడు, "ఎండకు పోతున్నయా, కిందికి పోతున్నయారా?"

పూల్ వాళ్ల బకెట్ టెస్ట్ ఇక్కడ పనికొచ్చింది. కుంట మూలకి అడ్డంగా కర్ర వేసి, కుంట నీళ్లే నింపిన బకెట్‌ని సగం మునిగేలా వేలాడదీశాం. ఎండ రెండిటికీ ఒకటే. ఒక రోజుకి బకెట్‌లో 8 మిల్లీమీటర్లు తగ్గాయి, కుంటలో 26. తేడా 18. అప్పుడు నీటి మట్టం దగ్గర కుంట 17 మీటర్ల చదరం, అంటే రోజుకి 5 వేల లీటర్ల పైనే మట్టిలోకి. రోజుకో ట్యాంకర్ అన్నమాట!

చిల్లు ఎక్కడో వెతకడానికి నేను బైనరీ సెర్చ్ ఆలోచిస్తుంటే మామ నవ్వాడు. "నీళ్లు యాడ ఆగితే ఆడనే ఉంటది." నిజమే. జానెడు దిగాక కుంట, బకెట్ సమానంగా తగ్గడం మొదలైంది. ఆ గీత మీదే బెత్తెడు చీలిక. నీళ్లు తాగడానికి దిగి జారిన మేక డెక్క పని అని మామ అనుమానం.

సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో మామ వేసిన అతుకు రెండ్రోజుల్లో ఊడింది. ఈ రకం ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు, వేడిగాలితో కరిగించి అతకాలి. అతికే ఆయన వచ్చి, నీళ్ల పైన ఎండకి తేలిన అంచుని ఒకసారి మడిచి చూశాడు. అప్పడంలా విరిగింది. నీళ్ల కింద ఉన్నది మాత్రం ఇంకా మెత్తగానే ఉంది. షీట్‌లో కలిపే కార్బన్ బ్లాక్ ఎండని చాలాకాలం ఆపుతుంది, ఎప్పటికీ కాదు. పై భాగమంతా అలాగే ఉంటే ఒక్క చీలిక అతికి లాభం ఏముంది?

కొత్తదానికి కొలత నేనే వేశాను. అడుగు 11, రెండు వాలు గట్లు కలిపి 10.8, గట్టు మీద కాలువ తీసి పూడ్చడానికి అటూ ఇటూ మీటరు. 24 మీటర్ల చదరం, 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు మందం. ఇంత నీటికి అంత పల్చటి అడ్డు!

డబ్బు అత్తమ్మ చిట్టీది. "చిట్టీ ఎత్తి ఇస్త గని, తాళ్లు కట్టినంకనే నీళ్లు నింపాలె," అంది. కవరు వేసిన కుంట వాలు తడిస్తే పాచి పట్టి సబ్బులా ఉంటుంది. ఈత వచ్చినవాడైనా పడితే పట్టు దొరకదు. అత్తమ్మకి ఇద్దరు చిన్నపిల్లలు.

రాళ్లు ఏరాం, తుంగ గడ్డలు తవ్వి తీశాం (తుంగ మొలక ప్లాస్టిక్‌ని కూడా పొడుచుకొని వస్తుంది). షీట్‌ని పొద్దున్నే, చెప్పులు విప్పి, కాస్త వదులుగా పరిచాం. బిగించి పరిస్తే చల్లబడ్డప్పుడు ముడుచుకుని గుంజుతుంది. గాలికి లేవకుండా వెంటనే నీళ్లు పెట్టాలని మామ బోరు స్విచ్ దగ్గరికి నడిచాడు. అత్తమ్మ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. మామ వెనక్కొచ్చాడు.

నాలుగు గట్లకీ తాళ్లు, మూరకో ముడి, ఒక్కోటి అడుగుదాకా. ముళ్లు నేను వేశాను. అత్తమ్మ ఒక్కోదాన్ని పట్టి గుంజి చూసి, మూడోది విప్పి మళ్లీ వేయమంది. వేశాక బోరు ఆన్ చేశారు.