వెనక కూర్చుంటే తెలుస్తుంది

మా ఇంట్లో టీవీ మారింది, ఫ్రిజ్ మారింది, గ్యాస్ పొయ్యి రెండుసార్లు మారింది. మారనిది ఒక్కటే, మామయ్యగారి స్ప్లెండర్. 2004లో, రిటైరయ్యే ముందు ఆయన ముచ్చటపడి కొనుక్కున్న బండి. ఆయన పోయాక మావారు దాన్నే వాడుతున్నారు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, పాత బనియన్ గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంటే ఎవరూ పలకరించకూడదు. "ఇంజను చూశావా, ఇప్పటికీ గడియారంలా ఉంది" అంటారు. నిజమే, ఇంజను బాగానే ఉంది. నా నడుమే బాగా లేదు.

మా పుట్టింటివాళ్ళది ఉయ్యూరు దగ్గర పల్లె. పటమటలో బయల్దేరి బందరు రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల పైనే ఉంటుంది. కిందటేడు అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు వెళ్ళి, నాలుగు రకాలు వండిపెట్టి, దగ్గరుండి కాస్త నడిపించి వచ్చేదాన్ని. పెద్ద రోడ్డు మీద ఫరవాలేదు. ఊళ్ళోకి మలుపు తిరిగి కాలవ గట్టు ఎక్కామా, గుంట గుంటకీ వెన్నులో రోకటి పోటే. ఇంటికొచ్చి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటే గానీ రాత్రి నిద్ర పట్టేది కాదు.

మావారితో చెబితే "నిదానంగానే తోలానుగా, గుంట ఎక్కడుంది?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. బస్సులో వెళ్దామా అంటే, మలుపు దగ్గర దిగి ఆటో కోసం కాచుక్కూర్చోవాలి. పిల్లాడు బడినుంచి వచ్చే వేళకి ఇల్లు చేరలేను. మెల్లగా వెళ్ళడమే తగ్గించాను. "ఈ వారం వీడికి పరీక్షలమ్మా" అని ఒకసారి, "అత్తయ్యగారికి నలతగా ఉందమ్మా" అని ఇంకోసారి.

ఒకరోజు ఫోన్‌లో అమ్మ "నేను బాగానే నడుస్తున్నాలే, నువ్వు శ్రమపడి రాకు" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేదనిపించింది.

ఈ ముడి విప్పింది మా తమ్ముడు. దసరాకి వచ్చినప్పుడు "బావా, నేను తోలతాను, మీరు వెనక కూర్చోండి" అని మావారిని ఎక్కించుకుని ఊరికి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక ఈయన బండి దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. కాఫీ ఇచ్చాను. సగం తాగి, "ఎప్పట్నించీ ఇలా ఉంది?" అన్నారు.

"నేను చెప్పడం మొదలుపెట్టినప్పట్నించీ" అన్నాను.

మర్నాడే మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన వెనక సీటుని రెండు చేతులతో గట్టిగా అదిమి వదిలాడు. బండి ఉయ్యాలలా మూడు నాలుగుసార్లు ఊగింది. "షాకప్స్ పోయాయి సార్. ఆయిలంతా కారిపోయింది. ఉత్త స్ప్రింగుల మీద తిరుగుతున్నారు" అన్నాడు. దెబ్బని ఓర్చుకునేది స్ప్రింగట, ఆ ఊపుని అణిచేది లోపలి ఆయిలట. ఆయిల్ లేకపోతే స్ప్రింగు ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది. తోలేవాళ్ళు రెండు చక్రాలకీ నడుమ కూర్చుంటారు, వెనకవాళ్ళు ఇంచుమించు వెనక చక్రం మీదే కూర్చుంటారు. అందుకే గుంట ఒక్కటే అయినా దెబ్బలు రెండు రకాలు. మావారు అబద్ధం చెప్పలేదన్నమాట. ఆయనకి నిజంగానే తెలియలేదు.

పశ్చాత్తాపం ఎక్కువైతే మగవాళ్ళు ఏదో ఒకటి కొంటారు. ఈయన ఆటోనగర్ వెళ్ళి, నూటయాభై సీసీ బండికి వేసే గ్యాస్ షాకప్స్ జత పట్టుకొచ్చారు. సెకండ్ హ్యాండ్‌వే గానీ మెరుస్తున్నాయి, పక్కన చిన్న డబ్బాలు కూడా ఉన్నాయి. "పొడవు చూసుకున్నారా సార్?" అని బాబాయ్ నసిగినా వినకుండా వేయించేశారు.

బండి ఇంటికి రాగానే అత్తయ్యగారు "ఇదేమిట్రా, కోడిపుంజులా తోక లేపింది?" అన్నారు. సెంటర్ స్టాండ్ వేస్తే గాలిలో ఉండాల్సిన వెనక చక్రం నేలకి ఆనింది. గొలుసు బిగువు మారి టకటకమంది. బండి ఎత్తయింది గానీ సైడు స్టాండు పొడవు అంతే కదా, బాగా ఎడమకి వాలిపోయి, కూరల సంచి తగిలించగానే పడిపోయింది. టమాటాలు వీధంతా దొర్లాయి. పోనీ సుఖం ఉందా అంటే, అవి బరువైన బండి కోసం చేసిన గట్టి స్ప్రింగులు. మా తేలిక బండి కింద అవి వంగితేగా! ఇదివరకు ఊగేదాన్ని, ఇప్పుడు ఎగిరేదాన్ని.

అప్పుడు నా కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. పాత షాకప్ పైరంధ్రం మధ్యనుంచి కిందిరంధ్రం మధ్యకి కొలిచాను. కొత్తది అంగుళం పైన ఎక్కువుంది. "జాకెట్టు అరంగుళం తేడా వస్తేనే నేను విప్పి మళ్ళీ కుడతాను. మీరు కొలతే లేకుండా తెచ్చారా?" అంటే ఈయన ఏమీ మాట్లాడలేదు.

ఈసారి ఆటోనగర్ ఇద్దరం వెళ్ళాం, టేపుతో సహా. కొట్టతను ముందు నవ్వాడు, తరవాత తనే జతలు తీసి నా ముందు పెట్టాడు. అయిదో జత సరిపోయింది, ఒక నూట పాతిక సీసీ బండిది. దాని బుష్ రంధ్రం మా బండి పిన్నుకన్నా కాస్త పెద్దదైతే, లేతు మీద స్లీవ్ చేయించాం. బాబాయ్ రెండింటినీ నొక్కి చూశాడు. రాడ్ వంగలేదు, తడి లేదు, వదిలితే నిమ్మళంగా పైకొస్తున్నాయి. ఎప్పుడు మార్చినా రెండూ కలిపే మార్చాలన్నాడు. బిగించాక మా ఇద్దర్నీ ఎక్కించి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని వంగి చూశాకే తాళం ఇచ్చాడు.

షాకప్ కింద మెట్లు మెట్లుగా ఉండే ఒక రింగుంది. ఒక్కరే వెళ్తే కింది మెట్టు, ఇద్దరైతే పైమెట్టు. దాన్ని తిప్పే కొక్కెం పానా ఇప్పుడు వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. బయల్దేరే ముందు "ఒక్కణ్ణేనా, ఇద్దరమా?" అని అడగడం ఈయనకి అలవాటైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి!

ఆ వారమే అమ్మ దగ్గరికి వెళ్ళాను. కాలవ గట్టు మీద గుంటలు అలాగే ఉన్నాయి. తెలుస్తున్నాయి గానీ నడుం దాకా రావడం లేదు. అమ్మకి అన్నం పెడుతూ అసలు సంగతి చెప్పాను, పరీక్షలూ కాదు, నలతా కాదు, నా నడుమేనని.

"ముందే చెబితే నేనే రావద్దనేదాన్ని కదే" అంది.

"అందుకే చెప్పలేదమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, కళ్ళు తుడుచుకున్నాం.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, తోలేవాళ్ళని ఒక్కసారి వెనక కూర్చోబెట్టి ఊరంతా తిప్పి తీసుకురండి. తరవాత మీరు వేరే చెప్పక్కర్లేదు. కొట్టుకి వెళ్ళేటప్పుడు మాత్రం టేపు మర్చిపోకండి.