గంజాయి డేరాలో చిక్కుడు పందిరి

అమెరికాలో పెరట్లో కూరగాయలు వేసే తెలుగువాళ్ళని ఎవర్ని కదిపినా చిక్కుడు మాటెత్తేసరికి నిట్టూరుస్తారు. వంగ వస్తుంది, బెండ వస్తుంది, దోసతీగ కంచె దాటిపోతుంది. గోంగూరైతే కోసినకొద్దీ వస్తుంది. చిక్కుడు మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా కంచెక్కి, గ్యారేజీ కప్పెక్కి, నిగనిగలాడుతూ ఒక్క పువ్వు పుయ్యదు. సెప్టెంబరు చివర్లో తీరిగ్గా మొగ్గ తొడుగుతుంది. అక్టోబరు మొదట్లో ఏదో ఒక రాత్రి చలి సున్నాకి దిగుతుంది. తెల్లారేసరికి తీగంతా ఉడికిన తోటకూరలా వేలాడుతూ ఉంటుంది. నేనుండేది డెన్వర్ పక్కన, ఇక్కడ ఇది ఏటా జరిగే తంతే.

తప్పు ఎరువుదీ కాదు, నీళ్ళదీ కాదు. మన పాత పాదు చిక్కుడు రకాలు పగలు కురచైతేనే (కచ్చితంగా చెప్పాలంటే రాత్రి పొడుగైతేనే) పూతకొస్తాయి. సంక్రాంతి రోజుల్లో చిక్కుడుకాయలు అంత విరివిగా దొరికేది అందుకే. విజయవాడలో ఏడాది మొత్తమ్మీద పొడుగు పగలు 13 గంటలు. డెన్వర్‌లో జూన్‌లో దాదాపు 15. పగలూ రాత్రీ సమానమయ్యేది సెప్టెంబరు నాలుగో వారంలో, అప్పటికి ఇక్కడ చలి గుమ్మంలో నిలబడి ఉంటుంది. మొక్కల్లో ఈ గడియారం ఉందని 1920లో అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ప్రచురించారు. వాళ్ళు చేసిన పని వింటే నవ్వొస్తుంది. పొగాకు, సోయా కుండీల్ని సాయంత్రం కాకముందే చీకటి షెడ్డులో పెట్టి తలుపేసి, మర్నాడు పొద్దెక్కాక బయటికి తీసేవాళ్ళు. మొక్కలు చలికాలం వచ్చిందనుకుని పూసేశాయి.

(పగటి పొడవుతో పని లేకుండా కాసే పొట్టి రకాలు ఉన్నాయి, బెంగుళూరు ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ లాంటివి. కానీ నాకు కావలసింది మా అమ్మమ్మ పెరట్లో కాసిన గింజచిక్కుడు లాంటిది. రుచి విషయంలో నాతో వాదించకండి.)

ఇంట్లోకి ఆ చీకటి షెడ్డు ఎలా తేవడం అని వెతికితే, రెడీమేడ్‌గా అమ్ముతున్నారు! నాలుగడుగుల చదరం, ఆరున్నర అడుగుల ఎత్తు, జిప్పు వేస్తే లోపల కటిక చీకటి. గోడలకి వెండిరంగు గుడ్డ, పైన ఎల్ఈడీ పలక, టైమరు, గాలి బయటికి తోసే ఫ్యాను. ఎవరి కోసం తయారు చేశారో వేరే చెప్పక్కర్లేదు. గంజాయి కూడా చిక్కుడు లాగే పొడుగు రాత్రుల మొక్క. నాకు డేరా అమ్మిన కుర్రాడు ఏ రకం పెంచుతున్నారని అడిగాడు. బీన్స్ అన్నాను. అందరూ టమాటా అనే చెప్తారులెండి అన్నట్టు నవ్వాడు.

ఇంక అసలు విషయం, వల. గంజాయి పెంచేవాళ్ళ భాషలో దీని పేరు స్క్రోగ్, 'స్క్రీన్ ఆఫ్ గ్రీన్'కి పొట్టి పేరు. కుండీల మీద అడ్డంగా ఒక వల బిగిస్తారు. కొమ్మ గడిలోంచి తలెత్తగానే మళ్ళీ కిందకి వంచి పక్క గడిలోకి పంపిస్తారు. వారాల తరబడి అలా చేస్తే మొక్క పైకి పోకుండా చాపలా పరుచుకుంటుంది. ఇంటి దీపం సూర్యుడు కాదు కదా. ఎండలో మొక్క అడుగు ఎత్తు తేడా ఉన్నా వెలుగు మారదు. చిన్న బల్బు దగ్గర దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. వెడల్పాటి ఎల్ఈడీ పలక కింద అంత ఘోరంగా పడదుగానీ, పడుతుంది. పైగా పై ఆకులు కింది ఆకులకి నీడ. అంచేత పొడుగ్గా పెరిగిన మొక్కలో పై జానెడే పనిచేస్తుంది, మిగతాది ఊరికే తిని కూర్చుంటుంది. (ఆఫీసుతో పోలిక మీరే ఊహించుకోండి.)

వంచడంలో ఇంకో కిటుకుంది. మొక్క కొసలో ఆక్సిన్ అనే పదార్థం తయారై కాండం వెంట కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు కొస తుంచిన మొక్కకి, తెగిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. తర్వాత కథ ఇంకా చిక్కుబడింది. కొస పోగానే దానికి వెళ్ళాల్సిన చక్కెర పక్క మొగ్గలకి మళ్ళడమే వాటిని ముందుగా లేపుతోందని 2014లో బఠానీ మొక్కల మీద చూపించారు. ఏదైతేనేం, తుంచకుండా కొసని పక్కకి పడుకోబెట్టినా దాని పెత్తనం సడలుతుంది. కణుపు కణుపునా కొమ్మలు లేస్తాయి. ఒక్క నాయకుడి బదులు ఇరవైమంది తయారవుతారు.

ఇదంతా చదువుతుంటే ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. పందిరి! బీర, ఆనప, దొండ ఎక్కించేది దేనిమీద? శంషాబాద్, మేడ్చల్ వైపు రియల్ ఎస్టేట్ మింగెయ్యకముందు ద్రాక్షతోటలు ఎలా ఉండేవి? తల ఎత్తున తీగల వల, దాని మీద ఒకే మట్టంలో ఆకు, కింద వేలాడే గుత్తులు. తేడా ఒక్కటే, మన పందిరి కింద మనిషి నిలబడాలి కాబట్టి ఎత్తుగా ఉంటుంది, ఇది మోకాలెత్తు.

నా వల ఖర్చు పదిహేను డాలర్లు దాటలేదు. అరంగుళం పీవీసీ పైపుతో చదరం, మూలలకి ఎల్బోలు, మూడంగుళాలకో బెజ్జం, వాటిలోంచి నైలాన్ తాడు నిలువూ అడ్డం. సన్న ఇనప తీగ వద్దు, లేత కాడని కోసేస్తుంది. గడి మూడంగుళాల కన్నా చిన్నదైతే కాయ కోసేటప్పుడు చెయ్యి దూరక తిట్టుకోవాలి. డేరా స్తంభాలకి జిప్ టైలతో, నేలకి రెండడుగుల ఎత్తున కట్టాను. పైపు ఫ్రేముకి కాళ్ళు పెట్టి కుండీలతోపాటు కదిలేలా చేసుకుంటే ఇంకా మేలు, వెనకాల కుండీకి నీళ్ళు పొయ్యడం సులువవుతుంది.

చిక్కుడుతో ఒక ఇబ్బంది ఏంటంటే అది చుట్టుకునే తీగ. మనం అటు పొమ్మంటే రెండ్రోజుల్లో ఇటు తిరిగి దీపం గొలుసు పట్టుకుంటుంది. రోజు విడిచి రోజు చూడాల్సిందే. చుట్టుకునే వైపే తిప్పాలి, ఎదురు తిప్పితే విడిపోతుంది. పొద్దున్నే నీళ్ళు తాగి బిర్రుగా ఉన్నప్పుడు వంచితే పుటుక్కుమంటుంది, సాయంత్రం కాస్త మెత్తబడ్డాక మాట వింటుంది. ఆగస్టు చివర గింజ వేసి, మొదట్లో 16 గంటలు వెలుగిచ్చి, వల ముప్పాతిక నిండాక 11 గంటలకి తగ్గించాను. ఆ చీకటిలో జిప్పు తీసి ఫోన్ లైటు వేసి చూడకూడదు, మొక్క లెక్క చెడుతుంది. నవంబరులో వల మీంచి ఊదా పూగుత్తులు నిటారుగా లేచాయి. చిక్కుడు పువ్వు తనకి తనే ఫలదీకరణ చేసుకోగలదు, తేనెటీగ లేకపోయినా పని జరుగుతుంది. క్రిస్మస్ నుంచి వారానికో కూర. పేనుబంక మాత్రం ఇంట్లోకి కూడా వచ్చింది, ఎలా వచ్చిందో దానికే తెలియాలి. కరెంటు లెక్క కూడా చెప్తాను. 200 వాట్లు, రోజుకి 2.2 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లనుకున్నా నెలకి 10 డాలర్లు. ఇండియన్ స్టోరులో ఫ్రోజెన్ పాకెట్టు ఇంతకన్నా చవకే. ఆ సంగతి మా ఇంట్లో రోజూ గుర్తు చేస్తూనే ఉంటారు.

నాకు కొస వంచడం నేర్పింది మా పక్కింటి పెద్దాయన. రిటైరయ్యారు. ఆయన బేస్‌మెంటులోనూ అదే డేరా, అదే టైమరు, వల మాత్రం నాకన్నా నీటుగా అల్లారు. లోపల గంజాయి. ఆయనకి ఆ హక్కుంది. కొలరాడో ఓటర్లు 2012 నవంబరులో 64వ సవరణని గెలిపించారు, 2014 జనవరి 1న దుకాణాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. 21 ఏళ్ళు నిండినవాళ్ళు మనిషికి ఆరు మొక్కలు, వాటిలో పూతలో ఉన్నవి మూడుకి మించకుండా, తాళం వేసిన చోట పెంచుకోవచ్చు. 2018 నుంచి ఇంటికి మొత్తం పన్నెండు. వల ఎందుకు పట్టుకున్నారని అడిగితే, మొక్కల సంఖ్యకి పరిమితి పెట్టారుగానీ మొక్క వెడల్పుకి పెట్టలేదు కదా అన్నారు. కోడ్ రాసుంటే బాగా పైకొచ్చేవారు.

మా పిన్ని కొడుకు డేరా చూడ్డానికి వచ్చి, పక్కింటాయన కథ విని, "అన్నయ్యా, ఇక్కడ లీగలే కదా, నేనూ ఒకటి పెడతా. అమ్మేది లేదు, ఎవరికి నష్టం?" అన్నాడు. వాడు హెచ్1బి మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు క్యూలో పన్నెండో ఏడు.

ఒరేయ్, లీగల్ అన్నది రాష్ట్రం. నీ వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు. ఫెడరల్ లెక్కలో 1970 నాటి చట్టం ప్రకారం అది నియంత్రిత పదార్థం. ఒకటో షెడ్యూల్ నుంచి మూడోదానికి మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చిందిగానీ, మూడో షెడ్యూల్లో ఉన్నా అది నియంత్రిత పదార్థమే. ఇమ్మిగ్రేషన్ చట్టం చూసేది ఆ మాటే. ఇంకా దారుణం ఏంటంటే, కోర్టులో శిక్షే పడక్కర్లేదు. నేరానికి కావలసిన అంశాలు నీ నోటితో ఒప్పుకుంటే చాలు, అమెరికా పౌరుడు కానివాణ్ణి లోపలికి రానివ్వకపోవడానికి అదొక కారణం కావచ్చు. అంటే స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళి అడిగినదానికి నిజం చెప్తే, తిరుగు టికెట్టు దండగైనా అవ్వొచ్చు. గ్రీన్ కార్డు వచ్చాక హాయి అనుకోకు. రాష్ట్రంలో నేరం కాకపోయినా సరే, ఇలాంటి పనులు సత్ప్రవర్తన నిరూపణకి అడ్డొస్తాయని 2019 ఏప్రిల్లో యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసిపెట్టింది. పౌరసత్వం ఫారం ఎన్-400లో తయారుచేశారా, అమ్మారా అనేవాటి పక్కనే 'పండించారా' అనే మాట కూడా ఉంది. ఆ 2019లోనే ఇక్కడి గంజాయి పరిశ్రమలో చట్టబద్ధంగా ఉద్యోగం చేసిన ఇద్దరు వలసదారులకి పౌరసత్వం రాలేదని డెన్వర్ మేయరు కేంద్ర అటార్నీ జనరల్‌కి ఉత్తరం రాశారు. కాబట్టి మొక్కల జోలికి పోకపోయినా, ఆ దుకాణాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఆఫర్ వస్తే సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. నేను లాయర్ని కాను.

వాడికి కోపం వచ్చింది. "మనం టాక్సు కట్టట్లేదా? ఆయన పెంచితే తోటపని, నేను పెంచితే నేరమా?" అన్నాడు. నా దగ్గర మంచి జవాబు లేదు. నిజంగానే అన్యాయం అనిపిస్తుంది. గోడకి అటు ఒక వల, ఇటు ఒక వల, తేడా లోపలి మొక్కది కూడా కాదు, పాస్‌పోర్టుది. అలాగని మన దేశం గొప్పగా ఉందని కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 20వ సెక్షను కింద గంజాయి సాగుకి పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. 2021లో ఆంధ్రా పోలీసులు 'పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాలు నరికి తగలబెట్టారు. అక్కడ చిక్కుకునేది ఎక్కువగా మొయ్యడానికొచ్చిన కూలీలు, గిరిజన రైతులేగానీ డబ్బు పెట్టినవాళ్ళు కాదని నా అభిప్రాయం. అన్యాయం అని ఒప్పుకోవడం వేరు, పన్నెండేళ్ళ క్యూని ఒక మొక్క మీద పందెం కాయడం వేరు.

కానీ వాడు అప్పటికే డేరా కొనేశాడట, గ్యారేజీలో పెట్టెలోనే ఉందట. పైపులూ తాడూ నా దగ్గర మిగిలినవి ఇచ్చాను. చిక్కుడు ఓపిక వాడికి లేదు, రోజు విడిచి రోజు తీగలు తిప్పమంటే తిప్పడు. మిరపైతే తీగ కాదు, రాత్రుల లెక్కా అక్కర్లేదు, రెండుసార్లు వంచి వలకింద వదిలేస్తే కాయల బరువుకి ఒరిగిపోకుండా వలే పట్టుకుంటుంది. నారు పోసి ఇస్తానన్నాను.

చూస్తానన్నాడు.