బాపు బండికి గాలి ఆడటం లేదనుకున్నా

మా బాపు 2014లో దుబాయ్ పోతూ నాకు రెండు పనులు అప్పగించిండు. ఒకటి చెల్లె స్కూల్ ఫీజు టైమ్‌కి కట్టడం. రెండోది ఇంటి ముందున్న స్ప్లెండర్ ప్లస్‌ని చూసుకోవడం. 2009లో కోరుట్లలో కొన్న బండి అది. ఫీజులు కట్టిన. బండి సంగతే ఇప్పుడు చెప్పేది.

బాపుకు ఒక అలవాటు ఉండేది. నెలకోసారి ఆదివారం పొద్దున సైడ్ ప్యానెల్ విప్పి, లోపలి స్పాంజ్ ఫిల్టర్ తీసి కిరోసిన్‌లో కడిగేవాడు. పిండి, నీడకు ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ రాసి మళ్లీ పెట్టేవాడు. చిన్నప్పుడు అదేదో పూజలా చూసేవాణ్ని. ఆయన పోయాక ఆ పని నాకు గుర్తుకే రాలేదు. పెట్రోల్ పోయడం, సర్వీసింగ్‌లో ఆయిల్ మార్పించడం... బండి మెయింటెనెన్స్ అంటే అంతే అనుకున్న.

2015లో కొండగట్టు దగ్గర ఇంజనీరింగ్‌లో చేరిన. కాలేజీకి బండి మీదే పోయేవాణ్ని. సెకండియర్‌కి వచ్చేసరికి అది లాగడం మానేసింది. ఇద్దరం కూర్చుంటే గుట్ట రోడ్డు మీద థర్డ్ గేర్‌లో ఆయాసపడేది. హాస్టల్‌లో ఒకడి దగ్గర వాళ్ల మామ ఇచ్చిన ఆర్ఎక్స్ 100 ఉంది. వాడు ఇంజన్ రేజ్ చేస్తే మూడో అంతస్తు కిటికీలు తెరుచుకునేవి. నాది స్టార్ట్ చేస్తే పక్కనున్నవాడికి కూడా తెలిసేది కాదు.

యూట్యూబ్‌లో ఒక వీడియో చూసిన. కంపెనీ వాడు మైలేజ్ కోసం, శబ్దం తగ్గించడం కోసం ఇంజన్ గొంతు నొక్కి పెడతాడట. ఆ నల్ల ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్ పీకేసి, కార్బురేటర్ మూతికి నేరుగా కోన్ ఫిల్టర్ బిగిస్తే ఇంజన్ ఫ్రీగా ఊపిరి తీసుకుంటుందట. వినడానికి ఎంత బాగుంది! 2017 జనవరిలో ఆన్‌లైన్‌లో ఎర్ర రంగు కోన్ తెప్పించి, హాస్టల్ వెనక వేపచెట్టు కింద ఇద్దరం కలిసి బిగించినం. విప్పిన ఎయిర్‌బాక్స్‌ని వారం తర్వాత పాత సామాన్లవాడికి వేసేసిన. దాంట్లో ఉన్న స్పాంజ్‌ని చూడను కూడా లేదు.

నిజం చెప్పాలంటే, మొదటి రోజు బండి ఎగిరింది. యాక్సిలరేటర్ తిప్పితే కార్బురేటర్ దగ్గర ‘భోఁ’ అని గాలి పీల్చే శబ్దం. గుట్ట రోడ్డు థర్డ్ గేర్‌లోనే ఎక్కింది. నేను పెద్ద ఇంజనీర్‌నైపోయిన.

రెండు వారాలకు కథ మారింది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లోంచి టప్ టప్‌మని పేలుళ్లు. ఇంజన్ కాళ్లకు సెగ కొట్టేంత వేడెక్కేది. జగిత్యాలలో ఒక మెకానిక్ అన్న ప్లగ్ విప్పి చూపించిండు. లేత గోధుమ రంగులో ఉండాల్సిన కొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. “గాలి ఎక్కువైంది తమ్మీ, పెట్రోల్ సరిపోతలేదు” అన్నడు.

కార్బురేటర్ పని చేసే తీరు అది. దాని నడుము దగ్గర దారి సన్నగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ఆ తేడాకే కింది గిన్నెలోని పెట్రోల్ జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే బరువులో 1 వంతుకు 14.7 వంతుల గాలి కావాలి. ఎయిర్‌బాక్స్ ఎంత అడ్డు పడుతుందో లెక్కేసుకునే కంపెనీ వాళ్లు జెట్ సైజు పెడతారు. ఆ అడ్డు తీసేస్తే పెట్రోల్‌ను లాగే శక్తి తగ్గి, మిశ్రమం పలచబడుతుంది. కార్బురేటర్‌లో సెన్సర్ లేదు, ఈసీయూ లేదు. మనం ఏం మార్చామో దానికి ఎవరూ చెప్పరు.

మెకానిక్ అన్న మెయిన్ జెట్ ఒక సైజు పెంచిండు. పేలుళ్లు ఆగినయి. లీటర్‌కి 60 ఇచ్చే బండి 45కి దిగింది. అప్పుడైనా ఆగాల్సింది.

ఆ ఏడాదే సర్కారు మొదటిసారి బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్లలో మా మామకు సాంచలున్నయి. ఆర్డర్ వల్ల రాత్రింబవళ్లు నడుస్తుంటే, లెక్కలు రాయడానికి రమ్మన్నడు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా వారానికి రెండుసార్లు పోయి వచ్చేవాణ్ని. టిప్పర్లు, ఇసుక ట్రాక్టర్లు, రోడ్డు వారగా ఎర్రమట్టి. ముందు లారీ ఉంటే పది నిమిషాలు దుమ్ములోనే ప్రయాణం. సిరిసిల్లలో బండిని సాంచల షెడ్డు పక్కనే పెట్టేవాణ్ని. నూలు నుంచి లేచే పొట్టు కిటికీల్లోంచి వచ్చి అన్నిటి మీదా వాలేది. కోన్ ఫిల్టర్‌కు తెల్లగా మీసం మొలిచేది. దులిపి స్టార్ట్ చేసేవాణ్ని, పెద్ద పని చేసినట్టు.

పొట్టు కనిపిస్తుంది కాబట్టి దులిపిన. అసలు నష్టం కనిపించని దాంతో. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువులు సిలిండర్ గోడ ఇనుము కంటే గట్టివి. నేను కొన్న చవక కోన్ వాటిని ఆపలేదు. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య చేరి, నిమిషానికి కొన్ని వేలసార్లు గీకుతూ పోయినయి.

ఆ దసరాకు బాపు లీవ్‌లో వచ్చిండు. మూడేళ్ల తర్వాత. సామాన్లు ఇంట్లో పెట్టక ముందే బండి దగ్గరికి పోయి కిక్ కొట్టిండు. శబ్దం విని నా వైపు చూసిండు. వెనక సన్నగా నీలం పొగ. ఇంజన్ ఆపి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూసిండు. ఆయిల్ దాదాపు లేదు.

“ఏం రా, పాత డబ్బా ఏది?”

అమ్మేసిన బాపు అన్న. ఎంతకు అని అడగలేదు. అడిగితే బాగుండనిపించింది. ముప్పై రూపాయలు.

బండి బోరుకొచ్చింది. జగిత్యాలలో లేత్ షాపుకు సిలిండర్ తీసుకపోతే, గోడ మీద నిలువు గీతలు నాకే కనిపించినయి. బోర్ పెంచి, పావు మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్, కొత్త రింగులు వేసిండ్రు. నెల లీవ్‌లో బాపుకు నాలుగు రోజులు ఆ షాపు ముందు స్టూల్ మీదే గడిచినయి. ఎయిర్‌బాక్స్ కోసం కరీంనగర్‌లో పాత స్పేర్ల దుకాణాలన్నీ తిరిగినం. దొరికినదాన్ని ఆయనే కడిగి బిగించిండు. నన్ను తిట్టలేదు. స్పానర్ అందించమన్నడు, అంతే.

బాపు మళ్లీ పోయినంక నాకు నిద్ర పట్టని ప్రశ్న ఒకటే. బండిని నాశనం చేసిన సరే, మొదటి రోజు అది నిజంగా ఎందుకు లాగింది?

ముందు లెక్కేసిన. 97.2 సీసీ ఇంజన్, 8000 ఆర్పీఎం, రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. సిలిండర్ ప్రతిసారీ నిండుగా నిండినా నిమిషానికి 388.8 లీటర్లు. శుభ్రమైన ఫిల్టర్‌కు అదొక లెక్క కాదు. ఇంత చిన్న ఇంజన్‌లో గాలికి అసలు అడ్డు కార్బురేటర్ గొంతు, వాల్వ్, క్యామ్. ముందు గేటు వెడల్పు చేస్తే లోపలి తలుపు వెడల్పు కాదు కదా.

తర్వాత ఫ్రెండ్ స్ప్లెండర్ మీద టెస్ట్ పెట్టినం. ఇప్పుడు ఆఫీసులో కోడ్ మీద చేసే పనే. ఒక్కసారి ఒక్కటే మార్చడం. పొద్దున ఆరింటికి, ఖాళీ రోడ్డు మీద, అదే మనిషి, అదే పెట్రోల్, రెండు కిలోమీటర్ రాళ్ల మధ్య. మొదట వాడి పాత మురికి ఫిల్టర్‌తో. తర్వాత అదే సైజు కొత్త కంపెనీ ఫిల్టర్‌తో. చివరికి నా ఎర్ర కోన్‌తో. కొత్త ఫిల్టర్‌కూ కోన్‌కూ తేడా, స్టాప్‌వాచ్ మీద నా వేలు పడటంలో ఉండే తేడా కంటే తక్కువ. మురికి ఫిల్టర్‌కూ కొత్త ఫిల్టర్‌కూ మాత్రం తేడా సీటు మీద కూర్చున్నవాడికే తెలిసింది. కోన్ పెట్టినప్పుడు ఫ్రెండ్ అన్నడు: “ఇదే ఫాస్ట్ రా.” టైమ్ చూపిస్తే నమ్మలేదు. ఎయిర్‌బాక్స్ గాలి పీల్చే శబ్దాన్ని కూడా మింగుతుంది. అది లేకపోతే చెవికి వేగం పెరుగుతుంది.

అంటే వేపచెట్టు కింద నేను చేసిన మాడిఫికేషన్ ఏంటి? మూడేళ్లుగా కడగని స్పాంజ్‌ని తీసేయడం. కిరోసిన్‌తో అయ్యే పని.

రేసింగ్ వాళ్లు ఎయిర్‌బాక్స్ తీయరా అంటే, తీస్తారు. క్యామ్, సైలెన్సర్, జెట్ అన్నీ కలిపి మారుస్తారు, ఇంజన్‌ను మాటిమాటికీ విప్పి చూసుకుంటారు. వాళ్లకు పొద్దున చెల్లెను స్కూల్‌లో దింపే పని ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6తో కొత్త స్ప్లెండర్‌కు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ కార్బురేటర్ కష్టాలు పాత బండ్లవాళ్లకే. కానీ మా కోరుట్లలో పాత బండ్లకు తక్కువేం లేదు. ఎర్ర కోన్లు కూడా ఇంకా కనిపిస్తున్నయి.

బాపు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటుండు. పదిహేనేళ్లు నిండినంక బండికి ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించినం. హైదరాబాద్ నుంచి పోయిన నెల ఇంటికి పోతే, ఆదివారం పొద్దున నేనే ముందు లేచి సైడ్ ప్యానెల్ విప్పిన. ఫిల్టర్ అప్పటికే తడి ఆరి, ఆయిల్ వాసన వేస్తుంది. అరుగు మీద చాయ్ తాగుతున్న బాపు తల ఎత్తకుండనే అన్నడు, “నిన్ననే కడిగిన. మూత సరిగ్గ పెట్టు.”