ఏ తీరమున కాపురము?

కాపురము మార్చుట యనగా సామాను మూటగట్టుటయే యని మగవారు తలంతురు. ఆ మూటలో ఏమేమి పోవునో, ఏమేమి విడువవలసి వచ్చునో, కట్టువారికి గదా తెలియును! ఈ వేసవిలో మాకట్టి యవసరము తటస్థించినది. మావారు ఉపాధ్యాయులు. మన్యపు టంచున నున్న యొక చిన్న యూరిలో మేము పదునొకండేండ్లుగా నున్నాము. అచ్చటి పాఠశాలలో పిల్లలు తగ్గుటచే రానున్న సంవత్సరమునుండి పైతరగతులను ఎత్తివేయుదురని తెలిసినది. విశాఖపట్టణమున నొకటియు కాకినాడయందొకటియు, రెండు ప్రైవేటు పాఠశాలలు ఆయనను రమ్మని పిలిచినవి. విశాఖవారిచ్చు జీతము నెలకు 3,000 రూపాయలు హెచ్చు. నెలాఖరులోపల జవాబు చెప్పవలెను.

ఇంటిలో మేము నలుగురము. పదవతరగతి ముగించిన మా యమ్మాయి రెండు పేర్లును పూర్తిగా వినకమునుపే విశాఖ యనెను. మావారు ఏదైనను సరే యనిరి. నల్లబల్లయు సుద్దముక్కయు నున్నచోటెల్ల వారికి సొంత యూరే. మా అత్తగారు మాత్రము చేటలోని బియ్యము నుండి తలయెత్తకయే, "సముద్రపు హోరు వినబడని యిల్లైనచో వత్తును. లేనిచో నన్నిక్కడనే విడిచిపొండు" అనిరి.

ఈ మాటకు కారణము మా యింట నందఱకును తెలియును, ఎవ్వరును పలుకరు. ఆమె పుట్టినిల్లు కోనసీమలో సముద్రపు టంచున నున్న పల్లె. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటి, వేయిమందికి పైగా జనులను బలిగొనెను. నాడు ఆమె పురుడు పోయుటకై పుట్టినింటనే యుండిరి. చిన్న తమ్ముడు పశువుల పలుపులు విప్పివత్తునని లాంతరు పట్టుకొని పోయినవాడు తిరిగి రాలేదు. తెల్లవారి చూడగా తోటలో నిలిచిన కొబ్బరిచెట్టు లేదట. ఆనాటినుండి ఆమె సముద్రస్నానమునకు పోలేదు, పర్వదినములలో సైతము.

మొదట విశాఖ చూడబోతిమి. రైలు దిగి బీచిరోడ్డు చేరువఱకు నాకు ఊపిరి యాడలేదన్న నమ్ముడు. ఒకప్రక్క కొండలు, ఒకప్రక్క నీలజలము, నడుమ జనసముద్రము. డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కు చాచి నిలిచియున్నది; దానిపై దీపస్తంభము. ఆ కొండ చాటుననే 1933లో ఓడరేవు తెఱచిరి. రేవునకు దాపుననే మూడు చిన్న కొండలపై వేంకటేశ్వరుని కోవెల, దర్గా, క్రైస్తవుల చర్చి ఒకదానినొకటి చూచుకొనుచున్నవి. ఓడవాండ్రు దూరమునుండి ఏ శిఖరమును చూచి మ్రొక్కుదురో గాని, నేను మూడింటికిని మ్రొక్కితిని. ఒడ్డున కురుసుర యను జలాంతర్గామి నొకదానిని నిలిపి 2002 నుండి ప్రదర్శనశాలగా చేసియున్నారు. లోన నడచుటకు వంటయింటి గుమ్మమంత దారియైన లేదు. అందులో నెలల తరబడి మగవారు వండుకొని తిని బ్రతికిరనగా, మన వంటయిండ్లు ఇఱుకని యిక సణుగరాదనిపించినది. (ఇల్లు చేరిన మఱునాడే మరల సణిగితిని.)

సింహాచలమునకును పోతిమి. స్వామి నిజరూపము వైశాఖ శుద్ధ తృతీయనాడు మాత్రమే కనబడును, తక్కిన దినములెల్ల చందనము చాటుననే యుండును. చిన్ననాడు మా నాన్నగారు గోగులపాటి కూర్మనాథకవి శతకమును నాచేత వల్లెవేయించి, "ఎప్పటికైనను ఈ స్వామిని చూచుము" అనెడివారు. ఆ ఋణము తీరినది. ఆ క్షణమున నన్నడిగియుండిన, విశాఖయే యని చెప్పియుందును.

కాని కాపురము కోవెలలో చేయముగదా. ఇండ్లు చూడనారంభించితిమి. మావారి పాఠశాలకు దగ్గఱగా రెండు గదుల యిల్లు, మూడవ అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె 16,000 రూపాయలు. ఊరు కొండవాలుపై నున్నందున ఇంటినుండి కూరల అంగడికి దిగుట సులభమే. సంచితో ఎక్కివచ్చుట మోకాళ్ల నొప్పిగల అత్తగారి మాట యటుంచుడు, నాకే ఆయాసము. ఇంటి యజమానురాలు మంచి మనిషి. దాచకుండ చెప్పినది: "ఉప్పుగాలికి కిటికీ చువ్వలు రెండేండ్లకు తుప్పుపట్టునమ్మా. బీరువా మడతబందులకు కొబ్బరినూనె వేయుచుండవలెను." 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో తన కిటికీలొక్కటియు మిగులలేదని, ఊరిలో చెట్లు వేళ్లతో లేచిపోయినవని, వారము దినములు చీకటిలో నుంటిమని చెప్పినది. చెప్పుచు నవ్వుచునే యుండెను. విశాఖవారికి తుపాను బంధువువంటిది కాబోలు, వచ్చి అలజడిచేసి పోవును, మరల ఇల్లు సర్దుకొందురు.

ఆ రాత్రి మా దూరపు చుట్టములింట పరుంటిమి. బీచికి అరమైలు లేదు. దీపములార్పి ఊరు సద్దుమణిగిన పిదప, ఆ చప్పుడు మొదలైనది. మొదలైనదనుట తప్పు, పగలెల్ల నున్నదే, అప్పుడు వినబడినది. ఒక అల విఱిగి, ఒక క్షణము మౌనము, మరల నొకటి. నాకది జోలపాటవలె నుండెను. కాని ప్రక్కన అత్తగారు పరుండియున్నట్లు ఊహించుకొంటిని. తెల్లవారుదాక నిద్రపట్టలేదు.

పదిదినములకు కాకినాడ పోతిమి. ఇది ప్రధానమైన రైలుదారిపై లేదు. సామర్లకోటలో దిగి మఱియొక బండి యెక్కవలెను, లేదా బస్సు పట్టవలెను. అమ్మాయికి ఇదియే పెద్దలోపముగా దోచినది. "రైలే నేరుగా రాని యూరికి మనము పోవుటెందుకు?" అని. ఊరు మాత్రము బల్లపఱుపు. వీధులు దారము పట్టి గీచినట్లు తిన్నగా నున్నవి. పగలు ఎండలో గొడుగు వేసికొని ముసలివారు సయితము మెల్లగా నడచిపోవుచున్నారు. పల్లము కావున వాననీరు పోవుటకు చోటులేక కాలువలలో నిలుచును. దోమలను గూర్చి చెప్పుట నాకిష్టము లేదు, అవియే వచ్చి చెప్పికొనును. త్రాగుటకు గోదావరి కాలువనీటిని చెరువులలో నిలువజేసి యిత్తురు. విశాఖకును ఈ జిల్లాలోని ఏలేరు నీరే కొంత కాలువద్వారా పోవుచున్నదట! ఏ యూర నున్నను కుండలో నీరు ఈ వైపుదే యన్నమాట.

సముద్రము చూచిన నాకు ఆశ్చర్యము కలిగినది. అల యన్నది లేదు. మా యూరి పెద్దచెరువును వెడల్పు చేసి పెట్టినట్లున్నది. ఎదుట దూరమున హోపుదీవి యని సన్నని ఇసుకదీవి కలదు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో గడచిన రెండువందల యేండ్లలో పెరిగినదట; పొడవు పది మైళ్ల వఱకుండును. అది అడ్డుగా నిలిచి అలల తాకిడిని తాను భరించుటచే లోపలి నీరు నిద్రించుచున్నది. లోతు తక్కువ యగుటవలన పెద్ద యోడలు కొన్ని దూరముననే లంగరు వేసి నిలుచును. బియ్యము బస్తాలను పడవలపై మోసికొనిపోయి వానికెక్కింతురు. అదే తీరమున ఉత్తరముగా, దీవి చాటు దాటిన ఉప్పాడకు పోయినచో ఏటేట సముద్రము ఒడ్డును కొఱికివేయుచున్నది, ఇండ్లును రోడ్డును పోవుచున్నవి. ఆ యూరి నేతగాండ్ర జామ్దానీ చీరలను చూచి వచ్చితిని, కొనలేదు. పైకము పాలుపొంగించు దినమునకు కావలెను.

చూచిన యిల్లు మొదటి అంతస్తు, మెట్లు పదునాఱు, అద్దె 9,500 రూపాయలు. రాత్రి వసతిగృహమున పరుండక మిద్దెపై గంటసేపు నిలుచుండి చెవియొగ్గి వింటిని. కుక్కలు, మోటారుబండ్లు, ఎవరింటనో బిడ్డ యేడ్పు. సముద్రము లేదు.

ఇంటికి వచ్చిన పిదప మావారు నేను చెప్పినదంతయు విని, "నీ లెక్కలో నొక తప్పున్నది" అనిరి. విశాఖలో కొండవాలుపై ఇల్లు తీసికొన్నచో ఉప్పెన రాజాలదు. చప్పుడు లేనిదానిని మనము భద్రమనుకొనుచున్నాము గాని, కాకినాడ దాపుననున్న కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన తుడిచిపెట్టలేదా? బర్మాలో మన తెలుగువారిని కోరంగీలని పిలుచునంత పేరుపడిన రేవు, నేడు పల్లెయై మడయడవుల ప్రక్కన నున్నది. ఆ మాట నిజము. ఇది అత్తగారికి దాచి కాకినాడకు తీసికొనిపోవుట మోసమగునని నాకు రెండు దినములు అన్నము సయించలేదు. తుదకు చెప్పితిని.

ఆమె తమలపాకుల ఈనెలు తీయుచు, "నాకు తెలియదటమ్మా? మా వైపు వారికి కోరంగి మాట ఉగ్గుపాలతో చెప్పుదురు" అనిరి. కొంతసేపటికి మరల, "ఇప్పుడు మూడుదినములు ముందుగానే చెప్పి బండ్లు పెట్టి తరలింతురు గదా. వచ్చుదాని మాట వచ్చినప్పుడు. రాని రాత్రులు కూడ వినలేను, అంతే" అనిరి.

ఇక మిగిలినది అమ్మాయి. కాకినాడ తక్కువదికాదని చూపుటకు నేనొక కథ చెప్పితిని. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిచిన దుర్గాబాయి యను బాలిక, టికెట్టు లేదని జవాహరులాలు నెహ్రూనే ఆపివేసినది. టికెట్టు తెచ్చిన పిదపనే లోనికి విడిచినది. అప్పటికామెకు మన యమ్మాయి వయస్సైనను లేదు. ఇంజనీరింగు కళాశాల మాటయు జోడించితిని: 1946లో విశాఖలో మొదలైనది, తరువాత కాకినాడకే తరలివచ్చినది, మనము క్రొత్తగా చేయునదేమియు లేదని. అమ్మాయి శ్రద్ధగా విని, "ఆ దుర్గాబాయమ్మయు చదువుకొనుటకు వాల్తేరు విశ్వవిద్యాలయమునకే పోయినది గదమ్మా!" అనెను. నాకు సమాధానము దొరకలేదు. దాని కేశవములు, భారతములు నేర్పినదానను, నాకే యెదురుపడ్డవి.

మావారు నవ్వి, ఇంటర్మీడియట్టు రెండేండ్లు కాకినాడలో, ఆ పైన సీటు వచ్చినచో హాస్టలులో నుంచి వాల్తేరులో అని మాట యిచ్చిరి. జీతములో పోవు 3,000 అద్దెలో కలిసివచ్చినదానికంటె తక్కువే. మిగిలినది నేటినుండి ఆ హాస్టలు పేర వేరుగా దాచవలెనని నేను పట్టుబట్టితిని. పోపులపెట్టెలో కాదు, పోస్టాఫీసులో, అమ్మాయి పేర.

దశమినాడు పాలు పొంగింతుము. అత్తగారు ఊరగాయ జాడీలకు వాసెన కట్టుచున్నారు. అమ్మాయి రెండు దినములుగా నాతో మాటలాడుట లేదు. నిన్న సాయంకాలము మాత్రము వంటయింటి గుమ్మమున నిలిచి, సామర్లకోటనుండి విశాఖకు బండి యెన్ని గంటలని అడిగినది. రెండున్నర, మూడు గంటలుండునంటిని. వ్రేళ్లు మడిచి ఏదో లెక్కించుకొని, మామ్మ దగ్గఱకు పోయి జాడీ మూత పట్టుకొన్నది.