చెవిన పడ్డ చదువు

మన ఇళ్లలో భగవద్గీత పుస్తకం తెరిచి చదివినవాళ్లకంటే ఘంటసాల గొంతులో విన్నవాళ్లే ఎక్కువ. ఆయన చివరి రోజుల్లో పాడిన రికార్డు అది. ఒక శ్లోకం, వెంటనే తెలుగులో తాత్పర్యం. ఓనమాలు రాని ముసలమ్మలు కూడా ఆ శ్లోకాలను ఆయనతోపాటు అందుకునేవారు. చావు జరిగిన ఇంటి ముందు అదే వేసి వేసి, ఇప్పుడు గీత వినపడితే చాలు ‘ఎవరు పోయారో’ అని వీధిలోకి తొంగి చూస్తున్నాం. అది వేరే సంగతనుకోండి.

చెవితో చదువుకున్నవాళ్లకు విజయవాడ రేడియో పెద్ద బడి. 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు చెవులప్పగించాయి. కాళ్లకూరి వారి ‘వరవిక్రయం’ నాటకంలో నండూరి సుబ్బారావు లింగరాజు పాత్ర వేశారు. పిసినారితనమంతా ఆ గొంతులోనే పలికించారు. ఆ లింగరాజు బట్టతలవాడా, బక్కపలచనివాడా అన్నది ఎవరి ఊహ వారిది. బొమ్మ ఉంటే ఊరందరికీ ఒకే ముఖం దొరికేది. పైగా రేడియో చేతుల్ని కట్టెయ్యదు. బియ్యం ఏరుతూ, పూలు కడుతూ, మిషన్ కుడుతూ వినొచ్చు.

అలాగని బొమ్మను తీసిపారెయ్యను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ పేరుతో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సేద్యం, ఆరోగ్యం లాంటివన్నీ ఊరంతా ఒక్క పెట్టె ముందు చేరి చూశారు.

చేతిపని ఏదైనా చూస్తేనే పట్టుబడుతుంది. ఆత్రేయపురం పూతరేకు సంగతే చూడండి. బోర్లించిన వేడి కుండ మీద, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను ఒక్క లాగు లాగుతారు. ఆ లాగుడు ఎంత వేగమో, గుడ్డ ఎక్కడ ఎత్తాలో పుస్తకంలో రెండు పేజీలు రాసినా రేకు రాదు. వీడియోలో అర నిమిషం చాలు. అర్థం కాకపోతే వేగం తగ్గించుకుని మళ్లీ చూడొచ్చు. కాకపోతే ఆ అర నిమిషం కోసం ముందు నమస్కారాలు, లైకులు, బెల్ గుర్తులు దాటుకుంటూ వెళ్లాలి.

నా లెక్కలో చేతిపని కంటిది. పద్యం, కథ, పలుకుబడి చెవివి. ఇప్పుడు పోతన పద్యానికి కూడా వెనకాల జలపాతాలు, తామరపూలు పెడుతున్నారు. కన్ను అటు లాగేస్తుంది, పద్యం జారిపోతుంది. అలాంటివి దొరికితే ఫోన్ బోర్లా పెట్టి వినండి.

ఇంకో మాట. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు నాయనమ్మ చేతనో, అమ్మమ్మ చేతనో ఒక దంపుళ్ల పాటో, జోలపాటో పాడించండి. ఫ్యాను ఆపి, ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డు చెయ్యండి. ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ తేదీయో మొదట్లోనే చెప్పించండి. ఆ పని ఈసారే చెయ్యండి.